బావ కుడిచెయ్యి

విశాఖపట్నం,
12-9-1982

బావకి,

శ్రీరామ్మూర్తి నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమం. అక్కకి వేవిళ్లు తగ్గాయా?

నీకొక సంగతి చెప్పాలి. మా కాలేజీలో మెకానికల్ వాళ్లకి ఒక క్లబ్బుంది. సాయంత్రాలు వర్క్‌షాపులో చేరి ఏదో ఒక యంత్రం స్వయంగా గీసి, కోసి, బిగించి తయారుచేస్తారు. ఏటా ఫిబ్రవరిలో మద్రాసులో పోటీ. ఈసారి అంగవైకల్యం కలిగిన పనివాళ్లకి పనికొచ్చే పరికరం చెయ్యాలట. క్లబ్బు చూసే భీమశంకరరావు మాస్టారు "ఎవరికైనా ఆలోచనుందా?" అని అడిగారు. నేను రెండేళ్లుగా ఆ గదిలో ఆకురాయి పట్టడం తప్ప నోరు విప్పలేదు. నోరు తెరిస్తే నా యాసకి నవ్వుతారు. ఆ రోజు మాత్రం లేచి నిలబడ్డాను.

"మా అక్క భర్త ఓడల మీద వించి డ్రైవరండి. సరుకు పైకెత్తే యంత్రం. మే నెలలో వైరు రోపు మణికట్టుకి చుట్టుకుని కుడిచెయ్యి పోయింది. మోచెయ్యి కింద జానెడు మిగిలింది. ఆయనకి చెయ్యి చేద్దామండి" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు బోర్డు మీద నీ పేరు రాశారు. పక్కన నా పేరు రాశారు.

మిగిలిన చేతికి సున్నపు పిండితో అచ్చు తియ్యాలి. నొప్పి ఉండదు. ఏదైనా ఒక ఆదివారం పాసింజరుకి రాగలవా?

నీ బావమరిది,
శ్రీరామ్మూర్తి


ఎలమంచిలి,
20-9-1982

చి. శ్రీరామ్మూర్తికి అప్పలసూరి ఆశీస్సులు.

ఇది నా ఎడంచేతి రాత. మీ అక్క రాస్తానంది, వద్దన్నాను. ఈ నాలుగు ముక్కలకీ పొద్దుట మొదలుపెడితే మధ్యాహ్నమైంది. అక్షరాలు కొండెక్కుతున్నట్టు పోతున్నాయి. నవ్వకు.

ఈ ఆదివారం వస్తాను. అంతకు ముందు నాకేం కావాలో చెప్పనీ. కంపెనీ గుమస్తా సన్యాసిరాజు మొన్న కబురంపాడు. వచ్చే ఏడు బోర్డు ముందు హాజరవ్వాలట. డాక్టరొకడు, ఇంజనీరొకడు ఉంటారు. వించికి రెండు మీటలుంటాయి, ఒక్కో చేతికి ఒక్కోటి. రెండూ పట్టి, ఒక బరువెత్తి దించి చూపిస్తే నా పని నాకిస్తారట. లేకపోతే పంపించేస్తారు.

కాబట్టి నాకు ఐదు వేళ్లు అక్కర్లేదురా. మీట చివర గుండ్రంగా ఉంటుంది, చిన్న బత్తాయంత. దానికి పట్టే ఇనప రింగొకటి చేతికి బిగించండి, చాలు. మిగతా పనులు ఎడమది నేర్చుకుంటోంది.

పదకొండేళ్లు ఓడల మీద ఉన్నవాణ్ని. ఇంటి అరుగు మీద కూర్చుంటే వీధిలోవాళ్లందరూ ఆగి పలకరిస్తున్నారు. అది నాకు పడ్డం లేదు.

నీ బావ,
అప్పలసూరి


విశాఖపట్నం,
7-11-1982

బావకి నమస్కారాలు.

నీ చేతి అచ్చు చాలా బాగా వచ్చింది. దాని మీద ఫైబర్ గ్లాసుతో తొడుగు పోశాం. బరువు లేదు, నీళ్లకి చెడదు. వేళ్లు అల్యూమినియంవి, ఒక్కో వేలికి రెండు కీళ్లు. సైకిలు బ్రేకు వైరు నీ ఎడమ భుజానికి కట్టిన పట్టీ దాకా వస్తుంది. భుజం ముందుకి తోస్తే పిడికిలి తెరుచుకుంటుంది, వదిలేస్తే స్ప్రింగు మూసేస్తుంది. గంగాధరరావని నా జతగాడు, వాళ్ల నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడ పోర్టు క్వార్టర్లలో ఉంటున్నారు, వాడు ఒక్కో కీలుకీ పూటంతా కూర్చుంటున్నాడు.

నీ రింగు మాట మాస్టారితో చెప్పాను. "రింగు పెడితే దానికి పోటీ ఎందుకయ్యా, కమ్మరి చేస్తాడు. చూసేవాళ్లకి అది చెయ్యిలా కనపడాలి" అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే కదా బావా? ఐదు వేళ్లుంటే నువ్వు గ్లాసు పట్టుకోవచ్చు, గొడుగు పట్టుకోవచ్చు, పిల్లో పిల్లాడో పుడితే రెండు చేతులా ఎత్తుకోవచ్చు. పోటీ అయ్యాక అదే తొడుగుకి రింగు కూడా బిగిస్తాను. లేతు మిషను మీద రెండు రోజుల పని.

ఇప్పుడు క్లబ్బులో నన్నెవరూ ఆకురాయి పట్టమనటం లేదు. "ఏమంటావు శ్రీరామ్మూర్తీ?" అని అడుగుతున్నారు.

శ్రీరామ్మూర్తి


ఎలమంచిలి,
29-12-1982

చి. శ్రీరామ్మూర్తికి ఆశీస్సులు.

మీరిచ్చిన చెయ్యి తగిలించుకుని వారమైంది. మొదటి రోజు మీ అక్క దూరంగా నిలబడి చూసింది. భుజం తోశాను, పిడికిలి తెరుచుకుంది. గ్లాసు పట్టాను. తాగాను. మీ అక్క నవ్వటం మొదలుపెట్టి, నవ్వుతూనే ఏడ్చేసింది. మా అమ్మ జోగమ్మ అయితే వచ్చినవాళ్లందరికీ "మా సూరిగాడి సెయ్యి సూడండి, మా కోడలి తమ్ముడే సేసేడు" అని చూపిస్తోంది. ఇరుగుపొరుగు పిల్లలు ఆ వేళ్లు పట్టుకుని ఊపి పోతున్నారు. నీ పేరు ఈ వీధంతా తెలిసిపోయింది.

కాని బాబూ, ఉన్నమాట చెప్పాలి. మన వీధి బోరింగు దగ్గరికెళ్లి దాని పిడి పట్టాను. వించి మీటకీ దానికీ ఇంచుమించు ఒకటే ఒడుపు. నాలుగుసార్లు కొట్టేసరికి వేళ్లు జారిపోయాయి. స్ప్రింగు గట్టిది కాదు. గ్లాసుకి చాలుతుంది, మీటకి చాలదు. నేను మొదట అడిగిన రింగే ఉండుంటే జారదు.

బోర్డు మార్చి పదో తేదీన అని కాగితం వచ్చింది. ఈలోగా ఆ పని చూడు. తొందరపెడుతున్నాననుకోకు.

నీ బావ,
అప్పలసూరి


విశాఖపట్నం,
21-1-1983

బావకి నమస్కారాలు.

మొన్న ఎలమంచిలి స్టేషన్లో రైలు ఆగిన రెండు నిమిషాల్లో నువ్వు చెయ్యి విప్పి కిటికీలోంచి అందించావు. ఖాళీ చొక్కా చేతిని నువ్వు ఎడంచేత్తో మడుచుకోవటం రైలు కదిలాక చూశాను. రంగు వెయ్యటానికే తెచ్చాను బావా, మరేమీ కాదు. చర్మం రంగు రావాలని మాస్టారి పట్టుదల.

మద్రాసు పోటీ ఫిబ్రవరి పదిహేడు, పద్దెనిమిది. ఇరవైకల్లా తిరిగొస్తాను. ఇరవై రెండుకి రింగు బిగించి నీ చేతికిస్తాను. మార్చి పదికి ఇంకా పదిహేను రోజులుంటాయి. ఈలోపు సాధన చేసుకోవచ్చు.

అక్కని బరువులెత్తవద్దను.

శ్రీరామ్మూర్తి


ఎలమంచిలి,
4-2-1983

చి. శ్రీరామ్మూర్తికి,

ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి. సన్యాసిరాజు నిన్న మనిషిని పంపించాడు. నేనే స్వయంగా విశాఖపట్నం వెళ్లి కనుక్కున్నాను. "సూరీ, పెద డాక్టరు గారు మార్చిలో ఉండరట. బోర్డు పద్దెనిమిదినే, పదకొండు గంటలకి. రెండు మీటలూ పట్టి చూపించెయ్. సోమవారం నుంచి నీ వించి నీదే" అన్నాడు.

పద్దెనిమిది అంటే ఈ నెలే. నీ పోటీ కూడా ఆ రోజులేనని గుర్తుంది. చూడు, నాకు ఆ వేళ్లు అక్కర్లేదు, వాటిని మద్రాసు పట్టుకుపో. నాకు తొడుగు, రింగు ఉంటే చాలు. ఏదో ఒక దారి నీకు తెలుస్తుంది, ఇంజనీరువి. హాస్టలుకొచ్చి నిన్ను కలుద్దామనుకున్నాను, నువ్వు వర్క్‌షాపులో ఉంటావు, నలుగురిలో నిన్ను ఇబ్బంది పెట్టటమెందుకని వచ్చేశాను.

నీ బావ,
అప్పలసూరి


విశాఖపట్నం,
9-2-1983

బావకి,

నీ ఉత్తరం అందింది. చెప్పటానికి బాధగా ఉంది. రంగు వేసేటప్పుడు చెయ్యి కిందపడి స్ప్రింగు విరిగింది, తొడుగు కూడా బీటిచ్చింది. సరుకు కలకత్తా నుంచి రావాలి. పద్దెనిమిదికి ఏదీ అందదు. మేము మద్రాసు వెళ్లటమే అనుమానం. బోర్డు వాళ్లని పదిహేను రోజుల గడువడుగు. ఇస్తారు. ఇవ్వకుండా ఎందుకుంటారు?

శ్రీరామ్మూర్తి


ఎలమంచిలి,
21-2-1983

చి. శ్రీరామ్మూర్తికి ఆశీస్సులు.

గడువడిగాను. ఇవ్వలేదు. సన్యాసిరాజు నా తరఫున చాలా చెప్పాడు, అతని తప్పేం లేదు. పద్దెనిమిదిన వెళ్లాను.

యార్డులో పాత వించి ఉంది, దాని దగ్గరికి తీసుకెళ్లారు. ఇంజనీరుగారు కుర్రవాడు, మర్యాదస్తుడు. "చెయ్యి పెట్టించుకున్నావని విన్నాను, ఏదయ్యా?" అన్నాడు.

"ఇస్ప్రింగు ఇరిగిందండి. బాగవుతంది. మా బావమరిది సేత్తన్నాడు" అన్నాను.

"ఈ రోజు ఎలాగ మరి?"

మెడలో తువ్వాలుంది. దాంతో మొండిచేతిని కుడి మీటకి కట్టమని పక్కనున్న కలాసీని అడిగాను. చలమయ్య అని, మనవాడే. కట్టాడు. రెండు మీటలూ తోశాను. ఆరు బస్తాల వల పైకి లేచింది. శ్రీరామ్మూర్తీ, తొమ్మిది నెలల తరవాత ఆ ఇంజను కాళ్ల కింద అదరటం తెలిసింది. మనిషెత్తు లేచిందో లేదో, తువ్వాలు జారింది. వల ఊగిపోయింది. కింద ఉన్నవాళ్లు పరిగెత్తారు. ఎడంచేత్తో ఆపేశాను, ఎవరికీ ఏమీ కాలేదు.

"చాలయ్యా" అన్నాడు ఇంజనీరు. నెమ్మదిగానే అన్నాడు. పది నిమిషాల్లో అయిపోయింది. వించి పనికి అనర్హుడని రాసి సంతకం పెట్టించుకున్నారు. ఎడంచేత్తో పెట్టాను.

నీ స్ప్రింగు బాగయిందా? చెయ్యి పడిపోయిందని మాస్టారు నిన్నేమైనా అన్నారా? పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నువ్వు దిగులు పెట్టుకోకు. చదువు చూసుకో.

నీ బావ,
అప్పలసూరి


విశాఖపట్నం,
2-3-1983

బావకి,

నీ ఉత్తరం అందింది. చాలా విచారించాను. పరీక్షలు దగ్గరపడ్డాయి. తీరిక చూసుకుని వివరంగా రాస్తాను. అక్కని అడిగానని చెప్పు.

శ్రీరామ్మూర్తి


ఎలమంచిలి,
14-3-1983

శ్రీరామ్మూర్తికి,

నిన్న మీ గంగాధరరావు మా ఇంటికొచ్చాడు. తునిలో ఎవరిదో పెళ్లికి వెళుతూ, దారిలో దిగాడట. చేతిలో మిఠాయి పొట్లం. నన్ను చూడగానే కాళ్లకి దండం పెట్టబోయాడు. "మీ చెయ్యి ఫస్టొచ్చిందండీ! మద్రాసంతా మీ పేరే చెప్పుకుందండీ!" అన్నాడు.

మీ అక్కే అడిగింది.

"ఏ సెయ్యి బాబూ?"

"అదేనండీ, మన శ్రీరామ్మూర్తి చేసింది. పద్దెనిమిదో తారీఖున చూపించామండి. జడ్జీలు లేచి నిలబడ్డారండి."

"ఇస్ప్రింగు ఇరిగిపోనాదన్నాడు గదా?"

"విరగటమేంటండీ? వాడు దాన్ని దూదిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చాడు మద్రాసు దాకా."

అప్పటికి అతనికి ఏదో అర్థమైంది. నా ముఖమూ మీ అక్క ముఖమూ చూసి, గ్లాసులో టీ అలాగే వదిలేసి లేచిపోయాడు. అతన్నేమీ అనకు. మంచి కుర్రాడు.

మీ అక్క పొట్లం విప్పలేదు. "మా తమ్ముడు నాతో అబద్ధమాడ్డు" అని ఒకసారి అంది. మళ్లీ కాసేపటికి, "ఆడతాడేటి?" అని నన్నడిగింది.

అందుకని నిన్నే అడుగుతున్నాను. ఏం జరిగింది?

అప్పలసూరి


విశాఖపట్నం,
18-3-1983

బావా,

ఏమీ విరగలేదు. ఏదీ కలకత్తా నుంచి రానవసరం లేదు. నీ చేతి అచ్చు మా గదిలో బీరువా మీదే ఉంది. దాని మీద ఇంకో తొడుగు పోసి, రింగు చేసి బిగించటానికి నాలుగు రోజులు చాలు. నీ ఉత్తరం ఏడో తేదీన అందింది. నాకు పది రోజులున్నాయి.

మాస్టారికి చెప్పలేదు. చెబితే ఆయన "ముందు ఆ మనిషి పని చూడు" అనేవారేమోనని భయం. గంగాధరరావుకి చెప్పలేదు. వాడైతే పోటీ మానుకుని నీ తొడుగు పోస్తూ కూర్చునేవాడు. ఆ పది రోజులూ నేను గోళ్లకి రంగు వేశాను బావా. అల్యూమినియం వేళ్లకి గోళ్లు.

బోర్డు గడువిస్తుందని నిజంగా నమ్మానని రాద్దామనుకున్నాను. నమ్మలేదు. అసలు ఆలోచించనివ్వలేదు నన్ను నేను. రెండేళ్లు వెనక నిలబడినవాణ్ని. మొట్టమొదటిసారి ముందు వరసలో నిలబెట్టారు. అది పోతుందేమోనని భయపడ్డాను. ఇంతకంటే పెద్ద కారణమేమీ లేదు. ఉంటే బాగుండును.

ఇంకొకటి కూడా చెప్పాలి. పద్దెనిమిదిన పొద్దుట, ఒక ముసలి జడ్జి చెయ్యంతా తిప్పి చూసి, "ఇది ఎవరి కోసం చేశారు? అతను వాడుతున్నాడా?" అని అడిగాడు.

"ఆయన పేరు అప్పలసూరండి. రెండు నెలలుగా వాడుతున్నారు. మళ్లీ పనిలో చేరుతున్నారు" అన్నాను.

హాలంతా చప్పట్లు కొట్టింది. నా కోసం కాదు, నీ కోసం. అప్పుడు గోడ గడియారంలో పదకొండు దాటింది. తరవాత నీ ఉత్తరం చదివాక లెక్క చూసుకున్నాను. చలమయ్య నీ చేతికి తువ్వాలు కడుతున్న సమయం అది.

నిన్న మాస్టారికి అంతా చెప్పాను. "ఆ ఉత్తరం నాకెందుకు చూపించలేదురా?" అని మాత్రం అన్నారు. మేము బహుమతి వెనక్కిచ్చేస్తామని రాయబోతే, ఆయనే రాస్తానన్నారు.

అక్కకి ఈ ఉత్తరం చదివి వినిపించు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

శ్రీరామ్మూర్తి


విశాఖపట్నం,
6-5-1983

బావా,

రాసి ఏడు వారాలైంది. నీ దగ్గర్నుంచి జవాబు లేదు. రాయమని అడగను.

గంగాధరరావు చేత ఒక పెట్టె పంపుతున్నాను. అందులో కొత్త తొడుగు, రింగు ఉన్నాయి. రింగు లోపల తోలు కుట్టించాను. యార్డు దగ్గరికెళ్లి, సన్యాసిరాజుగారిని బతిమాలి, నువ్వు ఎక్కిన ఆ పాత వించి మీట చుట్టుకొలత తీసుకున్నాను. ఆయన నన్ను ఇంజనీరుగారి దగ్గరికి కూడా తీసుకెళ్లారు. "చాలా బాగుందయ్యా. ఫిబ్రవరిలో తెచ్చుండాల్సింది. ఆ చోటు నింపేశాం" అన్నాడాయన.

వాళ్లనీ వీళ్లనీ అడిగితే అక్కకి ఆడపిల్ల పుట్టిందని తెలిసింది. ఏప్రిల్లోనట.

శ్రీరామ్మూర్తి


గాజువాక,
2-10-1983

శ్రీరామ్మూర్తికి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయకపోవటానికి చెయ్యి కారణం కాదు. ఇప్పుడు ఎడంచేత్తో గంటలో ఉత్తరం రాస్తున్నాను, చూస్తున్నావుగా.

జులైలో ఇక్కడికి మారాం. స్టీలు ప్లాంటు కడుతున్నచోట ఒక కంట్రాక్టరు దగ్గర పనిముట్ల కొట్టు చూస్తున్నాను. పొద్దుట పారలూ సుత్తులూ ఇచ్చి బిళ్ల తీసుకోవటం, సాయంత్రం పనిముట్టు తీసుకుని బిళ్ల ఇచ్చెయ్యటం. కూర్చుని చేసే పని. దానికి ఒక చెయ్యి చాలు. నా వించి ఇప్పుడు చలమయ్య నడుపుతున్నాడు. వినాయక చవితికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "బావా, నాను అడగనేదు. ఆళ్లే ఇచ్చేరు" అన్నాడు. లోపలికి రమ్మని కూర్చోబెట్టాను. అతనికి నలుగురు పిల్లలు.

నీ రింగు వచ్చిన రోజునే బోరింగు దగ్గర పెట్టి చూశాను. నలభైసార్లు కొట్టాను, ఒక్కసారీ జారలేదు. బిందె నిండి పొర్లిపోయింది. మీ అక్క గుమ్మంలోంచి అది చూసి లోపలికెళ్లిపోయింది. పని బాగుంది. దోషమేమీ లేదు.

నీ మీద కోపం లేదని రాస్తే అది అబద్ధం. మన మధ్య ఒక అబద్ధం నడిచింది, చాలు. కోపం దేనికో చెబుతాను. వించి పోయినందుకు కాదు. ఆ రోజు రింగున్నా వాళ్లు తీసుకునేవారో లేదో ఎవరికి తెలుసు. "బావా, రెండూ ఒకేరోజు వచ్చాయి, నన్నేం చెయ్యమంటావు" అని నువ్వు ఒక్క ముక్క రాసుంటే, నేనేమనేవాణ్నో నాకు తెలుసు. "మద్రాసు పోరా, నా సంగతి నాను సూసుకుంటాను" అనేవాణ్ని. ఈ ఏడు నెలలూ అటూ ఇటూ తిప్పి ఆలోచించాను, అదే అనేవాణ్ని. నా చెయ్యి నీకు నేనే ఇచ్చేవాణ్ని. అది నన్నడిగి తీసుకోకుండా పట్టుకుపోయావు.

నీకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందనీ, వెళ్లేముందు ఒకసారి రావచ్చా అని అడుగుతున్నావనీ గంగాధరరావు చెప్పాడు. పరాయివాళ్లం కాదు గదా మేము, ఇంకొకరి చేత అడిగించటానికి. అయినా మీ అక్కని అడిగాను.

"నీ తమ్ముడొత్తానంటన్నాడు. రమ్మనీదా?"

పిల్లకి నీళ్లు పోస్తోంది. ఒళ్లు తుడిచి, పొగ వేసి, పడుకోబెట్టి వచ్చాక అంది.

"రమ్మను. అన్నం పెడతాను. మాటాడమని మాత్రం నన్నడక్కు."

ఎన్నాళ్లని నేను అడగలేదు. అది నేను అడిగే మాట కాదు.

వచ్చే ఆదివారం రా. విశాఖపట్నం నుంచి వస్తే రెండు బస్సులు మారాలి, పొద్దుటే బయల్దేరు. పెట్టింది తిను. పిల్ల కొత్తవాళ్లని చూసి ఏడవదు, ఎత్తుకోవచ్చు. మీ అక్క పలకరిస్తుందేమోనని గుమ్మం వంక చూస్తూ కూర్చోకు, ఆవిడకి అది మరీ కష్టంగా ఉంటుంది. సాయంత్రం బస్సు దాకా నేను వచ్చి ఎక్కిస్తాను.

నీ బావ,
అప్పలసూరి